నల్లరాయి ఒక్కటి కాదు: మహారాష్ట్ర సరిహద్దు తాలూకాల్లో రాళ్ళ పుట్టుక

కిన్వట్ దగ్గర రోడ్డు పక్కన పోసిన కంకర నల్లగా ఉంటుంది. బల్లార్షా వైపు బొగ్గు గనుల నుంచి తవ్వి పోసిన గుట్టల్లోని షేల్ బండ కూడా నల్లగానే ఉంటుంది. ఎటపల్లి కొండల నుంచి లారీల్లో దిగే ఇనుప రాయి కొంత నలుపు, కొంత తుప్పు రంగు. దెగ్లూర్ దాటి తెలంగాణలోకి వస్తే గ్రానైట్ బండల మధ్య గోడ కట్టినట్టు సాగే మరో నల్లరాయి కనిపిస్తుంది.

వీటిలో మొదటిది భూమి మీద పారి గడ్డకట్టిన లావా. రెండోది ఒకప్పటి చిత్తడి నేలలో అడుగున చేరిన బురద. మూడోది పాత సముద్రంలో తుప్పులా పేరుకున్న ఇనుము. నాలుగోది నేల లోపలి పగుళ్ళలోకి ఎక్కి అక్కడే చల్లారిన మాగ్మా, అంటే కరిగిన రాయి. నాలుగింటికీ వాడుకలో పేరు ఒక్కటే, నల్లరాయి. బోరు వేసినా, పునాది తీసినా, కంకర కొన్నా ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది ఆ ఇంటివాళ్ళే.

క్లుప్తంగా

గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల తెలుగు తాలూకాల్లో కరిగి చల్లారిన అగ్నిశిలలు, అడుగున పేరుకుని గట్టిపడిన అవక్షేప శిలలు, వేడికి ఒత్తిడికి మారిన రూపాంతర శిలలు మూడూ దగ్గర దగ్గరగా దొరుకుతాయి. రాయి గుణం దాని రంగులో కాదు, అది పుట్టిన తీరులో ఉంటుంది. బావిలో నీరు, పొలంలో మట్టి, గోడకు పగుళ్ళు, ఊరి దగ్గర గని, ఈ నాలుగింటికీ మూలం అక్కడే.

రంగు చూసి పెట్టిన పేర్లు

తెలుగులో రాళ్ళ పేర్లు చాలావరకు చూపును బట్టో, వాడకాన్ని బట్టో వచ్చాయి. చలువరాయి, పలుగురాయి, సానరాయి, చెకుముకి రాయి, నాపరాయి, బలపపు రాయి. ఇవి అక్కరకొచ్చే పేర్లే. సానరాయి అనగానే కత్తికి పదును పెట్టేదని అర్థమవుతుంది. అది సన్నని గింజలున్న ఇసుకరాయి అయితేనే ఆ పని బాగా చేస్తుందని ఆ పేరు పెట్టినవాళ్ళకు బాగా తెలుసు. చిక్కంతా నల్లరాయి, ఎర్రరాయి, మొరం లాంటి పేర్లతోనే.

ముఖ్యంగా మొరం. మరాఠీలోనూ మురూమ్ అనే మాటే ఉంది కాబట్టి సరిహద్దుకు రెండు వైపులా ఇది చెల్లుతుంది. నిజానికి మొరం ఒక రాయి పేరు కాదు, సగం మట్టిగా మారిన ఏ రాయికైనా అదే పేరు. కిన్వట్‌లో మొరం అంటే కుళ్ళిన బసాల్టు, అంటే గడ్డకట్టిన లావా రాయి. భామ్రాగఢ్ వైపు మొరం అంటే గ్రానైట్, చారల రాయి అయిన నైస్ పొడిబారి మిగిలిన గరుకు గింజలు. మొదటిదానిలో బంకమన్ను పాలు ఎక్కువ, రెండోదానిలో పలుగు గింజలు ఎక్కువ. రోడ్డు మీద రెండూ పోస్తారు. కానీ తడిసినప్పుడు రెండూ ఒకేలా ఉండవు.

పాకం, పటికబెల్లం

రాయి కరిగితే మాగ్మా. అది భూమి పైకి వస్తే లావా. చల్లారి గట్టిపడితే అగ్నిశిల. ఇక్కడ అసలు తేడా తెచ్చేది చల్లారే వేగం. పంచదార పాకాన్ని పళ్ళెంలో పోస్తే నిమిషాల్లో బిళ్ళ కడుతుంది, అందులో గింజ కనిపించదు. అదే పాకాన్ని రోజుల తరబడి కదపకుండా ఉంచితే పటికబెల్లం పలుకులు పెరుగుతాయి. పంచదార అదే, తేడా సమయంలోనే. రాయి విషయంలోనూ ఇంతే. భూగర్భంలో వేల, లక్షల ఏళ్ళు మెల్లగా చల్లారితే గ్రానైట్. అందులో గులాబీ, తెలుపు ఫెల్డ్‌స్పార్, గాజులాంటి పలుగు, కాకిబంగారమని పిల్లలు ఏరుకునే అభ్రకం విడివిడిగా కంటికి కనిపిస్తాయి. దెగ్లూర్, బిలోలి వైపు కనిపించే గులాబీ గుండ్లు ఇవే.

బసాల్టు దీనికి ఎదురు కథ. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పశ్చిమ భారతంలో నేల పగుళ్ళ నుంచి లావా పొర మీద పొరగా పారింది. నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి మిగిలి ఉంది. సహ్యాద్రి వైపు దాని మందం కొన్నిచోట్ల రెండు కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకు వచ్చే కొద్దీ పలచబడి నాందేడ్, యవత్మాల్, చంద్రపూర్ పడమటి అంచుల్లో, ఆదిలాబాద్ కొండల్లో అంతమవుతుంది. అంటే మహారాష్ట్ర సరిహద్దులోని తెలుగు ఊళ్ళలో కొన్ని లావా మీద, కొన్ని లావా అందని నేల మీద ఉన్నాయి.

ఇస్లాపూర్ దగ్గర పెన్‌గంగ మీది సహస్రకుండ్ జలపాతంలో వానాకాలం తగ్గాక బండలను గమనిస్తే ఈ పొరల వరస తెలుస్తుంది. గట్టి పొర అంచులా నిలబడి, మెత్తటి పొర కోసుకుపోయి మెట్టుగా దిగుతుంది. ఈ లావా పొరలకున్న దక్కన్ ట్రాప్స్ అనే పేరులోని ట్రాప్‌కు మూలం మెట్లు అని అర్థమున్న స్వీడిష్ మాట.

బసాల్టు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే గింజలు కంటికి ఆనవు, పాకం బిళ్ళలాగే. ఒక్కోచోట మాత్రం రాయంతా తెల్లటి, పచ్చటి చుక్కలు. లావా చల్లారేటప్పుడు లోపలి వాయువులు పైకి లేచి బుడగలుగా చిక్కుకుపోయాయి. తరువాత లక్షల ఏళ్ళలో నీరు ఊరి ఆ బుడగల నిండా కాల్సైటు, జియోలైటు, అకీకు (అగేట్) లాంటి ఖనిజాలను నింపింది. పొలాల్లో దొరికే చెకుముకి రాళ్ళు, గుడ్డు లాంటి రాయిని పగలగొడితే లోపల మెరిసే పలుకులు చాలావరకు ఈ బుడగల సరుకే. లావా సమంగా చల్లారిన చోట మరో వింత. చెరువు ఎండి నెర్రెలు బారినట్టు లావా కుంచించుకుని పైనుంచి కిందికి పగిలి, చాలావరకు ఆరు పలకల స్తంభాలుగా విడిపోతుంది. యవత్మాల్ జిల్లాలో అలాంటి స్తంభాలు బయటపడినప్పుడు ఎవరో చెక్కి నిలబెట్టినట్టు కనిపించాయి. చెక్కింది చల్లదనమే. ముంబై అంధేరీలోని గిల్బర్ట్ కొండ కూడా ఆ జాతిదే.

ఇక మార్కెట్లో బ్లాక్ గ్రానైట్ అని అమ్మే రాయి చాలావరకు గ్రానైట్ కాదు. డోలరైటు లేదా గాబ్రో. బసాల్టుకు రసాయనంగా దగ్గరి చుట్టాలు, కాకపోతే నేల లోపల కొంత నిదానంగా చల్లారాయి కాబట్టి గింజ కాస్త పెద్దది.

ప్రాణహిత నేటికీ చేస్తున్న పని

వర్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతుంది. అది సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడ వరద తీశాక ఒడ్డున నడిస్తే అవక్షేప శిలల పాఠం మొత్తం కళ్ళ ముందే ఉంటుంది. ఉరవడి ఉన్నచోట గులకరాళ్ళు ఆగాయి. నెమ్మదించిన చోట ఇసుక. మడుగుల్లో బురద. నీరు బరువును బట్టి ఏరి పెడుతుంది. ఈ గులకలు రేపు కాంగ్లోమరేట్ అనే గులకల బండ, ఈ ఇసుక ఇసుకరాయి, ఈ బురద షేల్. దానికి కావలసింది పైన బరువు, కాలం, గింజల సందుల్లో అంటుకునే జిగురు. ఆ జిగురు సున్నమైతే రాయి మెత్తన, పలుగురాయి పదార్థమైన సిలికా అయితే గట్టి, ఇనుపతుప్పు అయితే ఎరుపు.

ప్రాణహిత–గోదావరి లోయ మామూలు నది లోయ కాదు. రెండు పక్కలా నేల చీలి మధ్య భాగం కోట్ల ఏళ్ళపాటు కుంగుతూ వచ్చిన గాడి. కుంగినంత మేరా నదులు మట్టి, ఇసుక నింపుతూ వచ్చాయి. చంద్రపూర్, రాజురా, వణి బొగ్గు, అవతల బెల్లంపల్లి, రామగుండం, కొత్తగూడెం సింగరేణి బొగ్గు ఒకే గాడి వరసలో ఉండడానికి కారణం ఇదే. రాష్ట్రాల హద్దు ఆ గాడిని అడ్డంగా కోసింది, అంతే. 1956 వరకు రాజురా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది.

బొగ్గు పుట్టుక సుమారు 28 కోట్ల ఏళ్ళ నాటిది. గ్లాసోప్టెరిస్ అనే చెట్ల ఆకులు, కాండాలు చిత్తడిలో పడ్డాయి. గాలి సోకక పూర్తిగా కుళ్ళలేదు. పైన మట్టి పడి, బరువుకు నీరు పిండుకుపోయి, వేడికి కార్బన్ మిగిలింది. ఆ చిత్తడిలోకి వరదలు బురద కూడా తెచ్చి కలిపాయి. అందుకే ఈ బొగ్గులో బూడిద ఎక్కువ, చాలా చోట్ల 30 శాతం దాటుతుంది. 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం లాంటి చోట్ల బూడిద గుట్టలు పేరుకోవడానికి మూలం ఆ నాటి వరద బురద.

బొగ్గు పొరల కింద ఇంకా ఆశ్చర్యం కలిగించే రాయి ఉంది. మన్నులో చిన్నా పెద్దా గుండ్లు కలగాపులగంగా కూరుకున్న పొర అది. నీరైతే బరువును బట్టి ఏరి పెట్టేది. ఇక్కడ ఆ ఏరివేత లేదు. ఇది హిమానీనదం ఈడ్చుకొచ్చి వదిలిన సరుకు. చంద్రపూర్ ప్రాంతంలోని ఇరై దగ్గర సున్నపురాయి మీద మంచుగడ్డ గుండ్లను ఈడ్చిన గీతలు కూడా ఉన్నాయి, 19వ శతాబ్దంలోనే భూశాస్త్రవేత్తలు వాటిని గుర్తించారు. ఎండాకాలం దేశంలోనే అతి వేడి ఊళ్ళలో ఒకటిగా వార్తల్లోకెక్కే చంద్రపూర్ నేల ఒకప్పుడు మంచు కింద ఉంది. అప్పుడు భారత భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఉండేది. ఆ మహాఖండానికి పేరు గోండ్వానా. చాందా రాజధానిగా ఏలిన గోండుల పేరు నుంచే ఆ మాట ప్రపంచమంతటికీ వెళ్ళింది.

గడ్‌చాందూర్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉండడానికి కారణం వేరే అవక్షేప శిల, పెన్‌గంగ సున్నపురాయి. ఇది బొగ్గు కంటే ఎంతో పాతది. ఎముకలున్న జంతువు ఒక్కటీ పుట్టని కాలంలో, సముద్రపు నీటిలో కరిగిన కాల్షియం, కార్బన్ డయాక్సైడ్ కలిసి అడుగున పేరుకుంది. కొంచెం పొడి చేసి నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. బయటికి వచ్చే ఆ గాలి అప్పటి కార్బన్ డయాక్సైడే. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు బట్టీలో కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు, తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. సిమెంటు తయారీని వాతావరణ చర్చల్లో లెక్కించడానికి ఒక ముఖ్య కారణం ఇది. కొలిమిలో మండే బొగ్గు పొగ దీనికి అదనం.

ఇసుక ఇంకా రాయి కాదు

ఇసుకకూ ఇసుకరాయికీ మధ్య ఉన్నది గింజల జిగురు ఒక్కటే. ఆ జిగురు లేకపోతే ఏమవుతుందో 2023 అక్టోబర్ 21న మేడిగడ్డలో అందరూ చూశారు. ఆ బ్యారేజీ ఒక కొస సిరొంచ తాలూకాలో ఉంది. ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. డిజైన్, నాణ్యత లోపాలతో పాటు పునాది కింది ఇసుక నీటితో కొట్టుకుపోవడాన్ని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు కారణంగా చూపారు. నీటిని ఎత్తుగా నిలబెడితే అది కింది సందుల గుండా అవతలికి పోవాలని చూస్తుంది. ఇసుకరాయి అయితే నీరు ఊరినా గింజ కదలదు. విడి ఇసుకలో నీటితో పాటు గింజ కూడా పోతుంది, మెల్లగా సొరంగం పడుతుంది. నదిలో ఇసుక మీద కట్టే ఏ కట్టడానికైనా ఆ దారిని మూసే గోడలే ప్రాణం.

ఇటుక బట్టీ లెక్క

మూడో జాతి రూపాంతర శిలలు. పేరు వినడానికి పెద్దదే గానీ విషయం ఇటుక బట్టీ ఉన్న ప్రతి ఊరికీ తెలిసిందే. పచ్చి ఇటుక నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. కాల్చిన ఇటుక కరగదు. మధ్యలో అది ద్రవం కాలేదు, ఆకారం చెడలేదు, లోపలి పదార్థం మాత్రం మారిపోయింది. రాయి కూడా భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి కరగకుండానే మారుతుంది. మరీ కాలితే కరిగి ఒకదానికొకటి అంటుకుపోయిన ఇటుకల్లా, రాయి కూడా హద్దు దాటితే మళ్ళీ మాగ్మా అవుతుంది.

ఇసుకరాయి ఇలా మారితే క్వార్ట్‌జైటు, సున్నపురాయి మారితే చలువరాయి, షేల్ మారితే పలక. గ్రానైట్ లాంటి రాయి నలిగితే నైస్. అందులో నల్ల, తెల్ల చారలు పిండి పిసికినప్పుడు తేలిన గీతల్లా వంకర్లు పోతాయి. ఆలపల్లి నుంచి భామ్రాగఢ్ వైపు అడవిలో కనిపించే పాత నేల చాలావరకు ఇలాంటిదే.

ఇదే సంగతి ఒడిశా సరిహద్దులో ఇంకా బలంగా కనిపిస్తుంది. కోరాపుట్, రాయగడ కొండల్లోని ఖోండలైటు ఒకప్పుడు బంకమన్ను. విపరీతమైన వేడికి అందులో ఎర్రటి గార్నెట్ గింజలు, సిల్లిమనైటు పుల్లలు పుట్టాయి. అక్కడి కోందు ఆదివాసుల పేరు మీదే 1902లో ఆ రాయికి పేరు పెట్టారు. కోణార్క గుడికి వాడిన ప్రధాన రాళ్ళలో అదొకటి. గార్నెట్లలోని ఇనుము, చుట్టూ ఉన్న ఖనిజాలు సముద్రపు తేమకు, ఉప్పు గాలికి శిథిలమవడం వల్ల అక్కడి శిల్పాలు కరిగినట్టు కనిపిస్తాయి.

ఎటపల్లి తాలూకా సూర్జాగఢ్ ఇనుప రాయి కథ అవక్షేప, రూపాంతర జాతులు రెండింటికీ చెందుతుంది. ప్రపంచంలో ఇలాంటి చారల ఇనుప శిలలు ఎక్కువగా 280 నుంచి 180 కోట్ల ఏళ్ళ మధ్య పుట్టాయి. అప్పటి సముద్రాల్లో ఇనుము కరిగి ఉండేది. సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్ తగిలి అది తుప్పై అడుగున చేరింది, సిలికా పొర ఒకటి, ఇనుప పొర ఒకటి. తరువాత వేడి, ఒత్తిడి దాన్ని గట్టిపరిచాయి. ఆ పైన నీరు సిలికాను కడిగేసిన చోట ఇనుము పాలు పెరిగి గనికి పనికొచ్చే హెమటైటు అనే ఇనుప ఖనిజం మిగిలింది. ఆ రాయి నల్లగా ఉన్నా పెంకు మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది, బసాల్టుతో అలా పడదు. నల్లరాళ్ళను వేరు చేయడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. మేలైన ఖనిజం కొండ పై భాగాల్లో ఉండడమే అక్కడి వివాదానికీ మూలం. ఆ కొండలు మాడియా గోండుల దేవతల చోటు, అడవి, వాగుల మొదలు కూడా. గని అక్కడ తప్ప వేరేచోట తవ్వలేరు, గుడిని అక్కడ తప్ప వేరేచోట తలచుకోలేరు.

బావి, బోరు, పునాది

పక్క పొలంలో 40 అడుగులకు నీరు పడింది, ఇక్కడ 300 అడుగులకూ దుమ్మే వస్తోంది. ఈ మాట ప్రతి ఎండాకాలం వినిపిస్తుంది. దీన్ని అదృష్టం ఖాతాలో వేసేముందు రాయిని చూడాలి.

బసాల్టులో నీరుండేది మూడు చోట్ల: పైన కుళ్ళిన మొరంలో, ఒక్కో లావా పొర నెత్తిన బుడగలున్న భాగంలో, పగుళ్ళలో. పొర నడుమ భాగం గట్టి బండ, చుక్క నీరు పట్టదు. రెండు లావా పొరల మధ్య ఎర్రటి మట్టి పొర వస్తే అది నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే కిన్వట్, పాండర్‌కవడా వైపు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న బావులే తరతరాలుగా ఆదుకున్నాయి. లోతుగా పోతే నీరు తప్పదన్న నమ్మకం ఇక్కడ డబ్బుతో చెలగాటమే.

గ్రానైట్, నైస్ నేలలో పగులు తగిలితే నీరు, లేదంటే లేదు. యాభై అడుగుల దూరంలో రెండు బోర్లకు రెండు రకాల ఫలితం వచ్చేది ఇక్కడే. సిరొంచ వైపు ఇసుకరాయి మీద ఒక నీటి చుక్క వేసి చూస్తే కాసేపట్లో ఇంకిపోతుంది. గింజల సందులన్నీ నీటి తొట్టెలే కాబట్టి నీటికి ఇదే మేలైన రాయి. సున్నపురాయిలో నీరు రాయిని కరిగించి దారులు చేసుకుంటుంది. దారి తగిలితే ధార, బిందె అడుగున మాత్రం తెల్లటి పెంకు. యవత్మాల్, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల్లో కొన్ని ఊళ్ళ నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటింది. ఫ్లోరిన్ ఉన్న ఖనిజాల పక్కన నీరు ఎక్కువ కాలం నిలవడమే దీనికి కారణం. నీరు తేటగా, తియ్యగా ఉన్నా ఇది తెలియదు. కొత్త బోరు నీరు తాగేముందు పరీక్ష చేయించడం ఒక్కటే దారి. పిల్లల పళ్ళ మీద మచ్చలు వచ్చాక టెన్షన్ పడి లాభం లేదు.

పునాది సంగతీ ఇంతే. బసాల్టు మారి నల్లరేగడి అవుతుంది. అందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని కాలు దిగేంత నెర్రెలు ఇస్తుంది. దాని మీద నేరుగా లేపిన గోడ ఏటా పైకి కిందికి కదిలి మూలల్లో పగులుతుంది. మొరం తగిలేదాకా తవ్వాలని మేస్త్రీలు పట్టుబట్టేది అందుకే. రాయి గట్టిదా కుళ్ళిందా అన్నది సుత్తి దెబ్బకు తెలుస్తుంది. ఖంగున మోగితే గట్టిది, డబ్బుమని అణిగితే లోపల కుళ్ళింది. మహారాష్ట్రలో వడార్లుగా పిలిచే వడ్డెరల్లో చాలామంది నేటికీ ఇళ్ళలో తెలుగు యాసనే మాట్లాడతారు. రాయి ఏ వైపు చీలుతుందో దెబ్బ వేయకముందే చెప్పే ఆ నేర్పు ఏ బడిలోనూ చెప్పరు. క్రషర్లు వచ్చాక ఆ పని తగ్గింది, ఆ నేర్పు రాసి పెట్టినవాళ్ళూ లేరు.

పొరల్లో మిగిలిన జీవులు

కింది పొర ముందుది, పై పొర తరువాతది. ఈ ఒక్క సూత్రంతో ఈ నేలను చదవచ్చు. అడుగున నైస్, దాని మీద సున్నపురాయి, ఆపైన మంచు గుండ్లు, బొగ్గు, ఎర్రమట్టి, ఇసుకరాయి, అన్నిటి మీదా బసాల్టు. వణి వైపు కొన్నిచోట్ల బసాల్టును తొలుచుకుని కిందికి పోతేనే బొగ్గు తగులుతుంది. అంటే లావా కింద ఒక అడవి ఉంది.

సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున కోట అనే చిన్న ఊరు. దాని పేరు మీదే కోట ఫార్మేషన్ అనే రాతి పొరల వరస, సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు. వాటి సున్నపురాయిలో చేపలు, మట్టిరాయిలో డైనోసార్ ఎముకలు దొరికాయి. 1975లో పేరు పెట్టిన బారాపాసారస్ ఈ రాళ్ళదే. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబడి ఉంది. అదే రాళ్ళ నుంచి తెలంగాణ వైపు దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. సిరొంచ దగ్గర వడధం శిలాజాల పార్కులో చెట్ల మొద్దులు రాయిగా పడి ఉన్నాయి. సిలికా ఉన్న నీరు కణం కణంలోకీ దిగి చెక్క స్థానంలో రాయిని నింపింది. కొన్నిటిలో చెక్క నారలు ఇంకా చేతికి తగులుతాయి.

ఈ మట్టిరాళ్ళు మెత్తనివి. ఏటా వానకు అంచులు కోసుకుపోయి కొత్త ఎముక ముక్కలు బయటికి వస్తాయి, తరువాతి వరదకు కొట్టుకుపోతాయి. దున్నేటప్పుడు బయటపడిన ముక్కను ఇంటికి తెచ్చి గూట్లో పెడితే అది ఏ పొరలోదో ఇక ఎవరూ చెప్పలేరు. దొరికిన చోటే వదిలి, ఫొటో తీసి, అటవీ శాఖ వాళ్ళకో పార్కు వాళ్ళకో చెబితే ఆ ముక్కకు వయసు చెప్పవచ్చు.